కోటే ఎందుకు?

రామకోటి పుస్తకం ఖరీదు తక్కువే. భద్రాచలం గుడి బయటి కొట్లలోనూ, ఊళ్ళో పూజాసామాన్ల షాపుల్లోనూ దొరుకుతుంది. లోపలంతా గళ్ళు. గడికొక 'శ్రీరామ' చొప్పున, పుస్తకం తరవాత పుస్తకం, కోటి నామాలు రాయాలి. ఉపదేశం ఇచ్చే గురువు అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు, కులమేమిటని అడిగేవాళ్ళు లేరు. పెన్ను పట్టగలిగితే చాలు. వంటిల్లు సర్దుకున్నాక దొరికే కాస్త మధ్యాహ్నంలో మన ఆడవాళ్ళు ఈ సాధనను సొంతం చేసుకోగలిగింది అందుకే. మా అమ్మమ్మ చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో దస్తావేజులు తాతయ్యవి, పద్దుల పుస్తకం తాతయ్యది. అమ్మమ్మ చేతిరాతతో నిండినవి రామకోటి పుస్తకాలే.

నేను మొదలుపెట్టింది భయంతో. అమ్మకు గుండె ఆపరేషన్ అన్న వారం పుస్తకం కొని, ఆసుపత్రి వరండాలో కూర్చుని పేజీల మీద పేజీలు రాశాను. ఆపరేషన్ బాగా జరిగింది, అమ్మ ఇంటికి వచ్చేసింది. పుస్తకంలో ఇంకా బోలెడు గళ్ళు ఖాళీ. ఆ రోజు రాయబోతే చెయ్యి సాగలేదు. అడగడానికి ఏమీ లేనప్పుడు దేవుడి ముందు ఎలా కూర్చోవాలో నాకు తెలీదు. నా ఆధ్యాత్మిక జీవితం మొదలైంది ఆ పూటే అనుకుంటాను.

అడగడం తప్పని నేననను. గోల్కొండ చెరసాలలో రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న తాను చేయించిన నగల లెక్కలు చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. అంతటి రామదాసే అడిగినప్పుడు మనమెంత! కానీ పెద్దవాళ్ళు ఏ వెయ్యితోనో లక్షతోనో సరిపెట్టకుండా కోటి అని ఎందుకన్నారు?

లెక్క కట్టి చూశాను. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటి పూర్తి కావడానికి 27 ఏళ్ళు దాటుతుంది. నామానికి మూడు సెకన్లు వేసుకుంటే రోజూ 50 నిమిషాలు. త్యాగయ్య 96 కోట్ల రామనామ జపం చేశాడని సంప్రదాయం చెబుతుంది. రోజుకు లక్షా పాతికవేల చొప్పున 21 ఏళ్ళు చేస్తే దాదాపు అంతే వస్తుంది. అది మహానుభావుల సంగతి. మనలాంటివాళ్ళకు ఒక్క కోటే సగం ఆయుష్షు.

ఏ కోరికా 27 ఏళ్ళు ఆగదు. అమ్మాయి పెళ్ళి, అబ్బాయి ఉద్యోగం, కోర్టు వ్యవహారం, ఏదైనా ఈలోపే అటో ఇటో తేలిపోతుంది. తేలిపోయాక కూడా ఎదురుగా ఖాళీ గళ్ళు ఉంటాయి. వెయ్యి అని ఉంటే అదొక మొక్కుగా తీరిపోయేది. కోటి అనేసరికి బతుకులో భాగమైంది.

కోరిక పోయాక మిగిలేది అక్షరం. 'శ' రాసి, గుడిదీర్ఘం ఇచ్చి, క్రావడి చుట్టాలి. మనసు పక్కకు జరిగితే ముందు చెడేది ఆ క్రావడే. అక్షరాన్ని చుట్టుకోకుండా కిందికి జారిపోతుంది. తరవాత 'రా' దీర్ఘం పొట్టిదవుతుంది, చివరికి 'మ' పక్క గడిలోకి పాకుతుంది. జపంలో నాలుక తన పని తాను చేసుకుపోతుంటే మనసు బజారంతా తిరిగి రావచ్చు, ఎవరికీ తెలీదు. కాగితం మీద ఆ తిరుగుడంతా కనబడుతుంది. పాత పుస్తకాలు తిరగేస్తే ఏ పేజీ కోపంలో రాశానో, ఏది పొయ్యి మీద పాలు పెట్టి రాశానో తారీఖు లేకపోయినా చెప్పగలను. నిండిన పుస్తకాలను భద్రాచలంలో సమర్పిస్తారు, కొన్ని ఊళ్ళలో రామకోటి స్తూపాలు కట్టి వాటిలో భద్రపరుస్తారు. అక్కడ వాటిని తెరిచి చదివేవాళ్ళు ఉండరు. ఇచ్చేలోపు రాసినవాళ్ళే ఒకసారి చదువుకోవాలి. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఫోన్లో టైపు చేస్తుంది. ఆఫీసుకూ ఇంటికీ మధ్య రైల్లో తనకు అదే వీలు. ఫోన్లో నామం ప్రతిసారీ ఒకే అందంతో వస్తుంది. నాకు మాత్రం చెడిపోయిన అక్షరమే గురువు.

ఇన్నేళ్ళలో మనసు తిరగడం మానిందా అంటే మానలేదు. ఒకప్పుడు పేజీ అడుగుకు వచ్చాక గానీ తెలిసేది కాదు, ఇప్పుడు రెండు మూడు గళ్ళలోనే తెలుస్తోంది. ఆధ్యాత్మికంగా ఎదగడమంటే నాకు అర్థమైనది ఇంతే. అది పుస్తకం దగ్గరే ఆగిపోదు. ఆమధ్య తమ్ముడితో ఊళ్ళో ఇంటి పంపకం మాట వచ్చింది. పాత లెక్కలన్నీ నోటిదాకా వచ్చాయి. అవి రావడం నాకు తెలిసింది. "నీకెలా వీలైతే అలా చేద్దాంరా" అనగలిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు, తరవాత "భోంచేశావా అక్కా" అన్నాడు. ఆ మాట కోసం ఎన్ని పేజీలైనా రాయొచ్చు.

అమ్మ కొన్నేళ్ళకు పోయింది. ఏ ప్రాణం కోసం మొదలుపెట్టానో ఆ ప్రాణమే లేదు. కర్మలయ్యాక పుస్తకం తెరిచాను. రాముడి మీద అలక లేదు, అడిగేదీ లేదు. ఏడుస్తూనే రాశాను, కానీ చెయ్యి ఆగలేదు. అమ్మ ఇంటికి వచ్చిన రోజు సాగని చెయ్యి, అమ్మ లేని రోజు సాగింది. ఈ రెంటి మధ్య నాలో జరిగినదే నేను చేసిన ప్రయాణం.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా పరీక్ష కోసమో, వీసా కోసమో రామకోటి మొదలుపెడితే తేలిగ్గా తీసెయ్యకండి. అందరూ అక్కణ్ణుంచే బయలుదేరుతారు. కోరిక తీరిన మర్నాడు పుస్తకం మూసెయ్యొద్దని మాత్రం చెప్పండి. అసలు రాత ఆ మర్నాడే మొదలవుతుంది.