నాడి చెప్పని మాట

వరికోతల కాలమున మా ఆసుపత్రి వసారాలో తఱచుగా కనిపించెడి దృశ్య మొకటి కలదు: కొడవలి జారి ముంజేయి తెగిన కూలివాడు, గాయమునిండ గుప్పెడు కాఫీపొడి, మోచేతిపై నెవరో బిగించిన సన్నని తాడు. ఆ తాడు ధమనిని ఆపజాలక, సిరలను మాత్రము బంధించి, రక్తస్రావమును మఱింత హెచ్చించుచుండెడిది. శుభ్రమైన గుడ్డను మడిచి గాయముపై గట్టిగా అదిమిపట్టి, మాటిమాటికి తీసి చూడక అట్లే తెచ్చినచో, తఱచుగా అంతకుమించిన ఉపాయ మక్కఱలేదు.

ముంజేతిలో బొటనవ్రేలి వైపున నొకటి, చిటికెనవ్రేలి వైపున నొకటి, రెండు పెద్ద ధమనులున్నవి. అవి సాధారణముగా అరచేతిలో వంపులై కలిసికొనును గనుక, ఒకటి తెగినను రెండవది చేతిని పోషింపవచ్చును. ఈ సౌకర్యమే వైద్యుని ఏమరుపాటునకు గుఱిచేయునని నేను ఆలస్యముగా నేర్చుకొంటిని.

ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక యువకునికి, గాయపడిన చాలసేపటికి, తెగిన ధమనిని కుట్టితిమి. మణికట్టున నాడి చక్కగా ఆడినది. కేసుషీటులో ‘బాగున్నది’ అని వ్రాసి ఇంటికి పోతిని. అర్ధరాత్రి సిస్టరుగారు కబురంపిరి: “నాడి ఆడుతూనే ఉందండీ, కాని వేళ్లు చాపనివ్వడం లేదు.” పోయి చూతును గదా, ముంజేయి చెక్కవలె బిగిసియున్నది; నేను వ్రేలిని కొంచెము చాపగానే అతడు కేకపెట్టెను. చాలసేపు రక్తమందక, పిమ్మట నొక్కసారిగా అందిన కండరములు వాచును. వానిని చుట్టియున్న గట్టిపొర సాగదు. లోపలి యొత్తిడికి, పెద్ద ధమని కొట్టుకొనుచునే యుండగా, సూక్ష్మనాళములు మూతపడును. ఆ రాత్రియే పొరను నిలువునా చీల్చి, గాయమును కుట్టక విడిచితిమి, చేయి దక్కినది. అట్లు చేయనిచో కండరములు చచ్చి కుంచించుకొని, వ్రేళ్లు కొక్కెమువలె శాశ్వతముగా ముడుచుకొనిపోవును. ఈ వైకల్యమును 1881లో జర్మను శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ వర్ణించెను. రక్తమందని కండరము సుమారు ఆఱు గంటలకు మించి తాళజాలదు.

నాటినుండి నేను నాడితో తృప్తిపడక, వ్రేళ్లను చాపి చూచుచున్నాను. పాఠకులకు నా మనవి యొక్కటే: కట్టు కట్టిన పిమ్మట నొప్పి తగ్గుటకు మాఱుగా పెరుగుచున్నచో, తెల్లవారువఱకు ఆగకుడు, వైద్యుని నిద్ర లేపుడు. ఆయన కోపపడినను ఫరవాలేదు.