తెర వెలుగు, కాగితం రంగు

ఫోటోలు దిద్దడానికి మానిటర్ కొనేవారు తెర ఎన్ని అంగుళాలు, ఎన్ని పిక్సెళ్లు అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టి సాధారణంగా అక్కడే ఆగిపోతారు. పెళ్లి ఆల్బమ్ ల్యాబ్ నుంచి నల్లగా తిరిగివచ్చినప్పుడు మాత్రం తప్పు చాలాసార్లు ఈ రెండింటిలోనూ దొరకదు. తెరను ఎంత వెలుగులో ఉంచి పనిచేశారన్న చోట దొరుకుతుంది. కొత్త మానిటర్ దుకాణంలో పక్కనున్న తెరల కన్నా మెరవాలన్న ఉద్దేశంతో తరచుగా 250 నుంచి 350 నిట్ల వెలుగుకు అమర్చబడి వస్తుంది. నిట్ అంటే చదరపు మీటరు తెర నుంచి వెలువడే కాంతిని క్యాండెలాలలో తెలిపే కొలత. ముద్రణకు పంపే ఫోటోలను దిద్దే తెరకు 80 నుంచి 120 నిట్లు చాలునన్నది ఈ వృత్తిలో స్థిరపడిన లెక్క. అంతకు మూడు రెట్లు వెలిగే తెర ముందు కూర్చున్నవారికి వధువు ముఖం అవసరానికి మించి తెల్లగా కనిపిస్తుంది గనుక వారు ఎక్స్‌పోజర్‌ను తగ్గిస్తారు. తనకంటూ వెలుగు లేక, గదిలో పడిన కాంతినే తిప్పి పంపే కాగితం మీద అదే ముఖం మసకబారుతుంది. నింద ల్యాబ్ మీద పడుతుంది.

వెలుగు తరువాత చూడవలసినది రంగుల పరిధి, అంటే తెర చూపగల రంగుల మొత్తం విస్తీర్ణం. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ప్రతిపాదించగా 1999లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ ఇందులో చిన్నది. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ అంతకన్నా పెద్దది. ఈ రెండింటి తేడా ముఖ్యంగా ఆకుపచ్చ, నీలం కలిసే చోట తెలుస్తుంది కాబట్టి, నెమలికంఠం రంగు పట్టుచీర మడతలు పెద్ద పరిధి ఉన్న తెర మీద ఎక్కువ గాఢంగా కనిపించే అవకాశం ఉంది. అయితే ఆల్బమ్ ల్యాబులు సాధారణంగా అడిగేది ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న జేపెగ్ ఫైలునే గనుక, ఆ అదనపు గాఢత కాగితం దాకా చేరదు. పైగా రంగుల నిర్వహణ తెలియని సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పరిధి తెర మామూలు ఫోటోలను కూడా రంగు పులిమినట్టు చూపిస్తుంది. పత్రికలకూ ప్రదర్శనలకూ ముద్రించేవారికి అడోబీ ఆర్‌జీబీ తెర అక్కరకొస్తుంది; పెళ్లి ఆల్బమ్ చేసేవారికి అది చాలావరకు వృథా ఖర్చే.

దీనికి ఎదురుకొసన చవక ల్యాప్‌టాప్ తెరలున్నాయి. వాటి వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది. 1953 నాటి అమెరికా టెలివిజన్ ప్రమాణంతో పోల్చి చెప్పే ఆ అంకె ప్రకారం, ఎస్‌ఆర్‌జీబీలో సుమారు మూడింట ఒక వంతు ఆ తెర మీద కనిపించదు. ఇలాంటి తెర మీద మంగళస్నానం ఫోటోలు దిద్దితే ఏం జరుగుతుందో గమనించదగినది. పసుపు రాసిన ముఖం తెర మీద వెలిసిపోయినట్టు ఉండటంతో దిద్దేవారు రంగు గాఢతను పెంచుతూ పోతారు; పసుపు ఛాయ గాఢమయ్యేకొద్దీ ఫైలులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరల్లో నీలం పొర విలువ తగ్గుతూ చివరికి సున్నాకు చేరుతుంది; ఆ పొరలో ఉన్న సున్నితమైన తేడాలు, చెంప మీద వేళ్లతో పులిమిన చారలతో సహా, చెరిగిపోతాయి. తెర మీద ఇంపుగా కనిపించిన ముఖం ఆల్బమ్‌లో పసుపు ముద్దలా వస్తుంది, తీసిన కెమెరా ఎంత ఖరీదైనదైనా సరే.

ప్యానెల్ రకం గురించి ఎక్కువ చర్చ అక్కర్లేదు. టీఎన్ ప్యానెల్ కాస్త కింది నుంచి చూస్తేనే రంగు మార్చేస్తుంది, వీఏ ప్యానెల్‌లో నలుపు గాఢంగా ఉన్నా పక్కనుంచి చూస్తే నీడల్లోని తేడాలు మారిపోతాయి. కోణం మారినా రంగును దాదాపు నిలబెట్టేది ఐపీఎస్ గనుక అదే కొనాలి. ఒక్కో రంగుకు 256 మెట్లు చూపే 8 బిట్ తెర 1 కోటి 67 లక్షల రంగులనిస్తుంది, ఈ పనికి అది చాలు. ఇక 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు గల ఆల్బమ్ షీట్‌కు అంగుళానికి 300 చుక్కల లెక్కన 10,800 పిక్సెళ్ల వెడల్పు కావాలి. 3,840 పిక్సెళ్ల వెడల్పున్న 4కే మానిటర్ మీద కూడా దాన్ని కుదించే చూడాలి కాబట్టి, పిక్సెళ్ల పోటీలో పడటం వల్ల ఒరిగేది కొద్దిగానే.

మిగిలిన డబ్బు కలరీమీటర్ మీద పెట్టడం మేలు. తెరకు ఆనించి ఉంచే ఈ చిన్న పరికరం, సాఫ్ట్‌వేర్ ఒకదాని తరువాత ఒకటిగా చూపే రంగు చతురస్రాలను కొలిచి, చూపవలసిన రంగుకూ చూపిన రంగుకూ ఉన్న తేడాను ప్రొఫైల్ అనే ఫైలుగా భద్రపరుస్తుంది. ఈ సవరణనే కాలిబ్రేషన్ అంటారు. ఇందులో తెలుపును 6500 కెల్విన్ వద్ద, మధ్య ఛాయల వెలుగును నిర్ణయించే గామాను 2.2 వద్ద ఉంచడం రివాజు. మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచాక, నెలకోసారైనా ఈ పని చేయాలి. పెట్టెలో వచ్చే ఫ్యాక్టరీ నివేదిక ఆ మానిటర్ తయారైన రోజుకు మాత్రమే నిజం. రాత్రివేళ తెరను పసుపు ఛాయలోకి మార్చే నైట్ లైట్ సదుపాయాన్ని ఆపివేయకపోతే ఇంత శ్రమా దండగే. కిటికీ ఎండ, రంగు గోడలు, చివరికి దిద్దేవారు వేసుకున్న ఎర్ర చొక్కా కూడా తెర మీద ప్రతిఫలించి కంటిని పక్కదారి పట్టిస్తాయి. ఈ చివరి మాట వినడానికి చాదస్తంగా ఉన్నా నిజమే.

కాబట్టి డబ్బు పరిమితమైనప్పుడు ఎస్‌ఆర్‌జీబీని పూర్తిగా చూపే 24 లేదా 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్‌నూ కలరీమీటర్‌నూ కలిపి కొనడమే సరైన ఎంపిక. కొన్న తరువాత, ఆల్బమ్ మొత్తం ల్యాబ్‌కు పంపకముందే ఒక్క షీట్ ప్రింట్ తీయించి, మంచి వెలుతురులో తెర పక్కన పెట్టి చూసుకోండి.