పశు శస్త్రచికిత్స: పరికరం పట్టే తీరు
గేదె మేతతో పాటు మేకులు, తీగముక్కలు, ప్లాస్టిక్ సంచులు మింగితే వాటిని తీయడానికి రూమెన్ (మొదటి పొట్ట) కోసి చేసే ఆపరేషన్ రూమెనోటమీ. సాధారణంగా పశువును నిలబెట్టే, ఎడమ డొక్కకు మత్తుమందు ఇచ్చి కోస్తారు. కదిలే పశువు మీద, ఒక్కోసారి ఆరుబయటే జరిగే ఈ పనిలో పరికరం పట్టే తీరే సగం నైపుణ్యం.

దళసరి తోలుకు 4వ నంబరు స్కాల్పెల్ పిడి, 22వ నంబరు బ్లేడు సరిపోతాయి. బ్లేడును వేళ్లతో కాక ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టి ఎక్కించాలి. కత్తెర వలయాల్లో బొటనవేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు వరకే దూరాలి. చూపుడువేలు కాడ మీద ఆని మొనను నడుపుతుంది. ఆరితేరిన సర్జన్ చేతిలో ఈ కదలిక చూడముచ్చటగా ఉంటుంది. నీడిల్ హోల్డర్‌తో సూదిని మొన నుంచి సుమారు మూడింట రెండు వంతుల దూరంలో పట్టాలి. మొన దగ్గర పడితే మొద్దుబారుతుంది, మరీ వెనక పడితే గేదె తోలులో వంగిపోతుంది. రూమెన్ లోపల తగిలిన పరికరాన్ని కండరం, చర్మం కుట్టడానికి వాడకూడదు.

పని కాగానే, నెత్తురు ఎండకముందే కడగాలి. సెలైన్‌లో నానబెడితే అది స్టీలును తినేస్తుంది. కీళ్లు తెరిచి, గుడ్డలో చుట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉంచాలి. ఇంత శ్రద్ధగా చూసుకున్న సెట్టు ఏళ్ల తరబడి పనికొస్తుంది.