జేబు లేనివాళ్ళ కత్తి

పోయిన వేసవిలో మా ఊరి కుర్రాడొకడు, పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నవాడు, సెలవులకు వచ్చి ఒక అట్టపెట్టె మా ముందు పెట్టాడు. లోపల పాత చొక్కా గుడ్డలో చుట్టి పదకొండు మడత చాకులు ఉన్నాయి. ఒకటి ఫ్రాన్సుది, రెండు స్విట్జర్లాండువి, ఒకటి జపానుది, ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌ది. మిగతావి ఏ దేశానివో చెప్పాడు గానీ మాకు గుర్తులేదు. రోజుకొకటి జేబులో వేసుకుని పనికి వెళతాడట. ఇలా సంప్రదాయ చాకులు పోగుచేసి, రోజూ వెంట పెట్టుకుని తిరిగేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని, వాళ్ళు వాటి గురించి ఎంతో రాసుకుంటారని చెప్పాడు. "మీరు అన్నీ చదువుతారు కదా మాస్టారూ, ఇవి కూడా చదివి చెప్పండి" అన్నాడు.

చదివాం. వానాకాలం రాత్రుళ్ళు కరెంటు ఉన్నంతసేపూ ఫోనులోనే చదివాం. ఆ రాతల గురించీ, అవి చదువుతుంటే మాకు గుర్తొచ్చిన మన కత్తి గురించీ ఈ నాలుగు మాటలు.

ముందు మంచి చెప్పాలి. ఒక పనిముట్టును అంత ఓపికగా చూసిన రాతలు మేము తెలుగులో చూడలేదు. ఉక్కు ఎలాంటిది, పిడి ఏ కర్ర, మడత దగ్గర మేకు ఎంత బిగువు, అంచు ఏ వాలున ఉంది, అన్నీ రాస్తారు. మామూలు ఉక్కు అలుగు పండ్లు కోయగా కోయగా నల్లబడి నీలంగా తేలుతుంది. దాన్ని తోమి పోగొట్టరు, అది వాడకానికి గుర్తు అని మురిసిపోతారు. మాకు నవ్వొచ్చింది. మామిడికాయలు కోసీ చింతకాయలు కోసీ మా మేనత్త కత్తి నలభై ఏళ్ళుగా అదే రంగులో ఉంది. పట్నం నుంచి వచ్చినవాళ్ళు దాన్ని చూసి "తుప్పు పట్టింది, మార్చండి" అంటారు.

ఆ ఫ్రాన్సు చాకు కథ కూడా తెలుసుకోదగ్గది. పేరు ఒపినెల్. 1890లో సావోయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే యువకుడు తయారుచేశాడు. వాళ్ళ నాన్నది పనిముట్లు చేసే కొలిమి. చుట్టుపక్కల రైతుల కోసం చేసిన చాకు అది. బీచి కర్ర పిడి, మామూలు ఉక్కు అలుగు, అంతే. తెరిచిన అలుగు వేళ్ళ మీద మూసుకుపోకుండా తిప్పే ఇనుప ఉంగరం 1955లో వచ్చి చేరింది. ఆ చాకుతో రైతు రొట్టె కోసుకున్నాడు, తీగలు కత్తిరించాడు. అంటే అది కొండవాళ్ళ కత్తి, మన కత్తికి చుట్టమే. జపాను చాకు హిగోనోకామి కూడా అంతే. అది మికి అనే కమ్మరుల ఊరి సరుకు. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకోవడానికి వాడేవాళ్ళు. 1960లో ఒక రాజకీయ నాయకుణ్ణి సభలోనే పొడిచి చంపారు. ఆ తర్వాత పిల్లల చేతుల్లో కత్తులు వద్దనే ఉద్యమం వచ్చి, చాకు బడిలోంచి వెళ్ళిపోయింది. ఇప్పుడది పోగుచేసేవాళ్ళ పెట్టెల్లో ఉంది.

మాకు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఆ రాతల్లో కత్తి ఉంటుంది, కత్తితో చేసే పని ఉండదు. ఆ రైతు ఏమయ్యాడు, ఆ కమ్మరి పిల్లలు ఏం చేస్తున్నారు, ఎవరూ అడగరు. ఈ రోజు ఏం కోశావని ఒకరినొకరు అడుక్కుంటారు. ఉత్తరం కవరు, ఆపిలు పండు, పార్శిల్ తాడు అని జవాబులు. ఆ పార్శిల్‌లో మళ్ళీ ఒక చాకే వస్తుంది! తప్పేమీ లేదు, సరదా ఎవరికైనా ఉంటుంది. కానీ పని పోయిన తర్వాత మిగిలిన ముచ్చటను సంప్రదాయం అనడం మాకు మింగుడుపడలేదు. ఒక చాకును ఇరవై ఏళ్ళు వాడి అరగదీసినవాడి రాత ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాం. దొరికినవి రెండే రెండు. ఇద్దరూ తోటపని చేసేవాళ్ళే.

ఇంకో సంగతి వాళ్ళ రాతల్లో ఎక్కడా లేదు. చాకు ఎందుకు మడుస్తారు? జేబులో పట్టాలి కనుక. జేబు ఎక్కడుంటుంది? చొక్కాకో పంట్లాముకో ఉంటుంది. మా తాతలకు గోచీ, భుజాన ఒక గుడ్డ. జేబే లేనివాడికి మడత చాకుతో ఏం పని? అందుకే మన కత్తి మడవదు, మొలతాడులో దోపుకుంటారు, నడుము వెనక చెక్క ఒరలో పెట్టుకుంటారు. ఎదుటివాడికి అది అల్లంత దూరం నుంచే కనబడుతుంది. మడత చాకు మర్యాదైనదనీ, మడవని కత్తి భయపెట్టేదనీ ఒకాయన రాశాడు. మాకు ఇది తలకిందుల మాట అనిపించింది. రాంపూర్ చాకు సినిమాల్లో రౌడీల చేతికి ఎందుకెక్కింది? జేబులో దాగుతుంది, మీట నొక్కగానే బయటికొస్తుంది. మా తాత కత్తి ఎప్పుడూ దాక్కోలేదు. దాంతో చుట్టానికి వెళ్ళాడు, పెళ్ళికి వెళ్ళాడు, పంచాయితీలో కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు తీసి పక్కన నేల మీద పెట్టేవాడు. అందరూ అలాగే పెట్టేవాళ్ళు.

ఆ కత్తి ఎలా వస్తుందో పిల్లలకు చెప్పాలి, ఇప్పటివాళ్ళకు తెలియడం లేదు. మా కొండరెడ్ల ఊళ్ళల్లో కొలిమి తక్కువ. ఇనుము పని సంతకు వచ్చే కమ్మరిదే. పాత లారీ కమాన్ పట్టీ ముక్క తీసుకెళితే కాల్చి, సాగగొట్టి అలుగు చేసిస్తాడు. పిడి మాత్రం మన పని. తునికి కర్ర ముక్క చెక్కి, చిల్లు చేసి, లక్క నింపి, అలుగు తోక ఎర్రగా కాల్చి లోపలికి దించుతారు. చల్లారితే ఇక ఊడదు. చెయ్యి పెద్దదైతే పిడి లావు, చెయ్యి చిన్నదైతే సన్నం. వాగు రాయి మీద నూరుకుంటారు. కంపెనీ చాకుకు నంబర్లుంటాయి, ఇది ఒక మనిషి చేతికి కొలిచి చేసింది. దీంతో జీలుగు చెట్టు గెల గీస్తారు, వెదురు చీలుస్తారు, వెదురు కొమ్ములు కోస్తారు, ఉచ్చుకు తాడు కోస్తారు, కోడిని కోస్తారు, కాలిలో ముల్లు తీస్తారు. పుట్టిన బిడ్డ బొడ్డు కూడా ఇలాంటి అంచుతోనే కోసేవాళ్ళు. అది మానేసి ఆసుపత్రికి వెళ్ళడమే మంచిది, అందులో మాకు అనుమానం లేదు.

ఇప్పుడు మ్యూజియం సంగతి. పిల్లల్ని తీసుకుని ఒక గిరిజన మ్యూజియానికి వెళ్ళాం, ఊరి పేరు అక్కర్లేదు. అద్దాల బీరువాలో నాలుగు కత్తులు, రెండు గొడ్డళ్ళు, విల్లు, బాణాలు పెట్టి "గిరిజనుల ఆయుధాలు" అని అట్ట తగిలించారు. పక్కన మీసాలున్న మగ బొమ్మ. నాలుగింటిలో ఒకటి ఆడవాళ్ళ కత్తి. సన్నటి పిడి, కొస కొంచెం వంపు, ఆకులు కోసేది. మాతో వచ్చిన ఏడో తరగతి పిల్ల దాన్ని గుర్తుపట్టి "సార్, మా అమ్మకిలాంటిదే ఉంది, మా అమ్మ ఎవరితో యుద్ధం చేసింది?" అని అడిగింది. మేము ఏం చెప్పాలి?

ఈ అట్టముక్క నిన్న పుట్టింది కాదు. ఇంగ్లండులో పిట్ రివర్స్ అనే సైనికాధికారి ముందుగా ఆయుధాలు పోగుచేయడం మొదలుపెట్టి, తర్వాత ఇరవై వేలకు పైగా వస్తువులు కూడబెట్టాడు. 1884లో అవి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరి ఆయన పేరుతోనే మ్యూజియం అయింది. ఊరువారీగా, మనిషివారీగా కాక, ఈటెలన్నీ ఒక చోట, కత్తులన్నీ ఒక చోట, మోటువి ముందు, నాజూకువి తర్వాత అని వరస పెట్టడం ఆయన పద్ధతి. మన దగ్గర మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. ఆయన మనుషుల తలలూ ముక్కులూ కూడా కొలిచినవాడు. కొలిచేవాడి కంటికి కత్తి నిడివి కనబడుతుంది, కత్తి పట్టిన చేతి కాయలు కనబడవు. మా కుర్రాడి అట్టపెట్టెకూ ఆ బీరువాకూ తేడా ఉంది, మేము కాదనం. వాడు తన చాకుల్ని ప్రేమిస్తాడు. కానీ వరస పెట్టే అలవాటు మాత్రం ఒకటే.

ఇతరుల్ని అంటున్నాం గానీ మన రాతలేమైనా మెరుగా? ఇలాంటి పుస్తకాల్లోనే మనవాళ్ళ కవితలు తిరగేయండి. కత్తి వచ్చిందంటే రక్తం రావాలి, ఎర్ర సూర్యుడు రావాలి. కత్తి అంటే తిరుగుబాటు, అంతే. మ్యూజియంవాడు నిందగా అన్నమాటనే మనం పొగడ్తగా అంటున్నాం. ఇద్దరిదీ ఒకే అట్ట. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు ఎందుకు లేచిందో చదివితే వేరే సంగతి తెలుస్తుంది. కారణాల్లో పెద్దది కల్లు. మన చెట్టు మనం గీసుకోవడానికి అడ్డం వచ్చారు, పన్ను వేశారు, చిగురుపన్ను అని దానికి పేరు. అంటే జీలుగు గీసే కత్తి పనికి ఆటంకం వచ్చింది, ఆ తర్వాతే కొట్లాట వచ్చింది. ఈ వరస తప్పితే చరిత్రే తప్పుతుంది. మన కవులు మొదటి సగం వదిలేసి రెండో సగం రాస్తున్నారు.

కత్తిని పువ్వులా చూపించాలని కూడా మేము అనడం లేదు. సంత రోజు తాగి కత్తి దూసినవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు. మా చిన్నాన్న చేతికి రెండు వేళ్ళు లేవు, అది చెట్టు గీస్తూ పోగొట్టుకున్నది కాదు.

ఇది రాయడానికి అసలు కారణం వేరే ఉంది. కొన్నేళ్ళ కిందట మేము పనిచేసిన ఒక హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లవాడి ట్రంకుపెట్టెలో కత్తి దొరికింది. తాత ఇచ్చిన కత్తి. మామిడికాయలు కోసుకోవడానికీ, పెన్సిలు చెక్కుకోవడానికీ పెట్టుకున్నాడు. "మారణాయుధం" అని కాగితం రాశారు, పిల్లవాణ్ణి ఇంటికి పంపారు. ఆ కాగితం మీద సాక్షుల సంతకాల్లో మాదీ ఉంది. తాత వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యా, కత్తి లేకుండా మగపిల్లాడు అడవి దారిన ఎట్లా వస్తాడు?" అన్నాడు. హాస్టల్లో అంచున్న వస్తువు ఉండకూడదన్న నియమం సరైనదే. అయితే కత్తి తీసి బీరువాలో పెట్టి, సెలవులకు వెళ్ళేటప్పుడు చేతికిస్తే సరిపోయేది. ఆ పిల్లవాడు మళ్ళీ బడికి రాలేదు.

చట్టం మేము తర్వాత చదివాం. ముందే చదవాల్సింది. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నియమాల్లో, తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న కత్తుల్ని ఆయుధాలుగా లెక్కేస్తారు. అందులోనూ ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసిన వాటిని మినహాయించారు. సిక్కుల కిర్పాణం గురించి రాజ్యాంగం 25వ అధికరణంలోనే రాసి ఉంది. కొడగు ప్రజలకు ఆయుధాల చట్టంలో ప్రత్యేక మినహాయింపు ఉంది, వాళ్ళు పెళ్ళిళ్ళలో పీచెకత్తి నడుముకు పెట్టుకుని ఫొటోలు దిగుతారు. మనకు అంత ప్రత్యేకం అక్కర్లేదు. ఉన్న నియమంలో ఉన్న మాటను మన ఉపాధ్యాయులు తెలుసుకుంటే చాలు. అయితే ఎవరినైనా బెదిరించినా గాయపరిచినా అలుగు ఎంత చిన్నదైనా నేరమే, అది కూడా పిల్లలకు చెప్పాలి.

ఆ పిల్లవాడి కత్తి మేము కొలిచాం, వాళ్ళ ఊరు వెళ్ళి మరీ. అలుగు ఏడు అంగుళాలు, వెడల్పు అంగుళంన్నర. తాత అడ్డు చెప్పలేదు గానీ స్కేలు వైపు అదోలా చూశాడు. పని ముగిశాక కత్తి తీసుకుని మాకోసం పనసకాయ కోశాడు.

ఈ ఏడాది మా బడిలో పిల్లలతో ఒక పని చేయించాం. ఇంట్లో ఉన్న కత్తి గురించి, మ్యూజియం అట్ట ఎంత ఉంటుందో అంతే కాగితం మీద రాయమన్నాం. ఎవరిది, ఎవరు చేశారు, ఈ వారం ఏం కోసింది, ఇంతే. కత్తులు తేవద్దు, కాగితాలు చాలన్నాం. ముప్పై నాలుగు వచ్చాయి. ఆయుధం అనే మాట ఒక్క దాంట్లో ఉంది, అదీ మేనమామ కోపం గురించి. అమ్మను గురించి అడిగిన ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఆమె కాగితం ఇది: "మా అమ్మ కత్తి. సంతలో కమ్మరి చేశాడు. పిడి మా నాన్న వేశాడు, అమ్మకు పెద్దదయిందని మళ్ళీ చెక్కాడు. ఈ వారం అడ్డాకులు, ఉల్లిపాయలు, తమ్ముడి గోళ్ళు."