మాటను దృశ్యంగా మలిచే పనితనం

రంగస్థలం మీద విషాదాన్ని మోసేది మాట. వెండితెర మీద ఆ బరువంతా దృశ్యానిదే. ఒకచోటి నుంచి మరోచోటికి కథను ప్రాణంతో చేరవేసే స్క్రీన్‌ప్లే రచయితకు చేతులెత్తి మొక్కాలి.

‘మక్బూల్’ (2003) చూడండి. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ను విశాల్ భరద్వాజ్, అబ్బాస్ టైర్‌వాలా ముంబయి మాఫియాలోకి తెచ్చారు. స్కాట్లండ్ రాజు ఇక్కడ అబ్బాజీ అనే డాన్. జోస్యం చెప్పే ముగ్గురు మంత్రగత్తెలు ఇద్దరు పోలీసులయ్యారు. సినిమా మొదట్లోనే ఆవిరి పట్టిన వ్యాను అద్దం మీద వేలితో జాతకచక్రం గీస్తారు. నాటకంలో అడవి కదిలొస్తే నాయకుడికి చేటు. ఇక్కడ సముద్రం ఇంటికి రావాలి. ముంబయికి అంతకన్నా సహజమైన జోస్యం ఏముంటుంది?

అన్నిటికన్నా గొప్ప మార్పు నాయికది. లేడీ మాక్‌బెత్ నాయకుడి భార్య. టబు పోషించిన నిమ్మి మాత్రం డాన్ ఉంపుడుగత్తె, నాయకుడైన మక్బూల్‌కు ప్రియురాలు. దాంతో అధికార దాహానికి మోహం తోడైంది, హత్యకు కారణం రెట్టింపైంది.

సంభాషణలు కత్తిరించడం ఎవరికైనా వస్తుంది. మూలంలోని పాపభీతిని చెక్కుచెదరనివ్వకుండా తక్కినదంతా తిరగరాయడానికి మాత్రం గుండెధైర్యం కావాలి. అలాంటి రచయితల పేర్లు టైటిల్స్‌లో పడినప్పుడు శ్రద్ధగా చదువుదాం.