‘జెంటూ’: మతవాచకం భాషావాచకమైన తీరు

తెలుగు భాషాచరిత్రను ఆంగ్ల ఆధారాలతో పరిశీలించే వారికి 17, 18 శతాబ్దాల రచనల్లో ‘జెంటూ’ అనే పదం తరచుగా ఎదురవుతుంది. ‘జెంటూ అంటే తెలుగు’ అని ఒక్క మాటలో అర్థం చెప్పుకొని ముందుకు సాగడం పరిపాటి. ఈ అర్థం తప్పు కాదు. అయితే అన్నిచోట్లా ఒప్పూ కాదు. ఇప్పుడు వాడుక తప్పిన ఈ పదానికి ఒకే కాలంలో రెండు అర్థాలు ఉండేవి. వాటిని విడదీసి చదవకపోతే ఆధారమే అపార్థానికి దారితీస్తుంది. ఆ రెండు అర్థాల సంబంధాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యుత్పత్తి – తొలి అర్థం

‘జెంటూ’కు మూలం ‘అన్యమతస్థుడు’ అనే అర్థంగల పోర్చుగీసు పదం ‘జెంతియు’. పోర్చుగీసువారు ఈ దేశంలోని ముస్లిములను ‘మూర్లు’ అనీ, హిందువులను ‘జెంతియు’లనీ వ్యవహరించారు. ఆంగ్లేయులు ఈ విభజనను పదాలతో సహా స్వీకరించారు. కనుక తొలిదశలో ఇది ఏ భాషకూ, ఏ ప్రాంతానికీ పేరు కాదు. నాథనియల్ బ్రాసీ హాల్‌హెడ్ 1776లో ప్రకటించిన ‘ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వారన్ హేస్టింగ్స్ ప్రోద్బలంతో బెంగాల్‌లో పదకొండుమంది పండితులు సంస్కృతంలో సంకలనం చేసిన ధర్మశాస్త్ర విషయాలకు పారసీ మాధ్యమంగా వచ్చిన ఆంగ్లానువాదమది. అందులోని ‘జెంటూ’కు తెలుగుతో ఏ సంబంధమూ లేదు.

మద్రాసులో అర్థసంకోచం

అదే పదం మద్రాసులో తెలుగువారికీ, వారి భాషకూ పేరైంది. ఇందుకు యూల్, బర్నెల్‌లు 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఒక కారణం ఊహించారు. పోర్చుగీసువారు వచ్చేనాటికి ద్వీపకల్పంలో అధికభాగంపై విజయనగర ప్రాబల్యం ఉండడమే ఆ కారణమని, ఆ రాజ్యాన్ని తెలుగు రాజ్యంగా భావించి, వారు అభిప్రాయపడ్డారు. ఈ ఊహ తెలుగువారి ప్రాముఖ్యాన్ని వివరిస్తుంది కాని, హిందువులందరికీ చెల్లిన పేరు తమిళులను విడిచి తెలుగువారికే ఎందుకు పరిమితమైందో పూర్తిగా వివరించదు.

ఇక్కడ మరొక పేరును కూడా గమనించాలి. ఆనాటి యూరోపియనులు తమిళాన్ని ‘మలబారు’ అని పిలిచేవారు. పడమటి తీరం పేరు తూర్పు తీరపు భాషకు అంటుకోవడం కూడా విదేశీయుల పరిచయక్రమం ఫలితమే. మద్రాసులో ఆంగ్లేయులకు నిత్యం వినిపించిన రెండు ప్రధాన దేశభాషల్లో ఒకదానికి అప్పటికే ప్రత్యేకనామం ఉంది. మిగిలిన దానికి సామాన్యనామమే ప్రత్యేకనామమై ఉండవచ్చు. 1639లో మద్రాసు స్థలాన్ని ఆంగ్లేయులకు ఇచ్చిన దామెర్ల నాయకులు తెలుగువారు కావడం కూడా ఈ పరిణామానికి దోహదం చేసి ఉంటుంది. ఇది అనుమాన ప్రమాణమే అయినా, విజయనగర వాదం విడిచిపెట్టిన ఖాళీని పూరిస్తుంది.

1816: ఒక శీర్షికలో మూడు పేర్లు

ఏ.డి. కాంప్‌బెల్ 1816లో మద్రాసులో ప్రకటించిన వ్యాకరణానికి పెట్టిన దీర్ఘశీర్షిక ఈ పదచరిత్రలో కీలకమైనది. అది ‘తెలుగు’ భాషా వ్యాకరణం. ఆ భాష సాధారణంగా ‘జెంటూ’ అని పిలవబడుతుంది. అది ద్వీపకల్పపు ఈశాన్య ప్రాంతాల్లో నివసించే ‘హిందువు’లది. ఈ మూడు పేర్లూ ఆ శీర్షికలోనే ఉన్నాయి. ‘జెంటూ’ మోస్తూ వచ్చిన భాషార్థం ‘తెలుగు’కూ, మతార్థం ‘హిందువు’కూ దక్కాయి. పాత పదం కేవలం లోకవ్యవహారంగా మిగిలింది. ఇదే గ్రంథపు ఉపోద్ఘాతానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన వివరణలో తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలతో దానికి సజాతీయత ఉందనీ ప్రతిపాదించడం యాదృచ్ఛికంగా తోచదు. భాషను ధాతువులతో, నిర్మాణంతో గుర్తించే దృష్టికి మతాన్నిబట్టి వచ్చిన పేరు సరిపోదు.

అయినా పదం వెంటనే అంతరించలేదు. 1817లో విలియం బ్రౌన్ తన వ్యాకరణాన్ని ‘జెంటూ’ భాషా వ్యాకరణంగానే ప్రకటించాడు. 1886 నాటికి కూడా ఈ పదం మద్రాసులో తెలుగు అనే అర్థంలో కొనప్రాణంతో ఉండవచ్చునని ‘హాబ్సన్-జాబ్సన్’ సూచించింది.

ముగింపు

నైయాయికుల పరిభాషలో చెప్పాలంటే ‘జెంటూ’ అర్థాన్ని నిర్ణయించేది దాని ప్రతియోగి. పక్కన ‘మూరు’ ఉంటే అది మతవాచకం. ‘మలబారు’ ఉంటే భాషావాచకం. రెండూ లేనిచోట రచనాస్థలం, ప్రకరణం సాక్ష్యమవుతాయి. బెంగాల్ రచనల్లోని ప్రతి ‘జెంటూ’నూ తెలుగుగా భావిస్తే లేని చరిత్రను మనకు ఆపాదించుకొన్నట్లవుతుంది. మద్రాసు పత్రాల్లోని ‘జెంటూ’ను హిందువుగా మాత్రమే అనువదిస్తే ఉన్న తెలుగు చరిత్ర కనుమరుగవుతుంది. ఆంగ్ల ఆధారాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ పదాన్ని యథాతథంగా నిలిపి, సందర్భార్థాన్ని పక్కన వివరించడమే శాస్త్రీయమైన పద్ధతి.