వినిపించేవాడు

మంచి పాట చెవిన పడితే పక్కవాళ్లకు వినిపించేదాకా కొందరికి మనసాగదు. ఆ ఆరాటాన్నే బతుకుతెరువు చేసుకున్నవాడు జీన్ నార్మన్. 1922లో న్యూయార్క్‌లో పుట్టి, లాస్ ఏంజెలెస్ రేడియోలో జాజ్ రికార్డులు వేస్తూ పేరు తెచ్చుకున్నాడు. అదే ఊళ్లో, అదే కాలంలో కచేరీలు పెట్టి రికార్డులు తీసిన నార్మన్ గ్రాంజ్ పేరు చాటున ఈయన పేరు మరుగున పడింది. నాకది అన్యాయంగానే తోస్తుంది.

రేడియోతో ఆగలేదు. 1947లో పసడీనా సివిక్ ఆడిటోరియంలో ‘జస్ట్ జాజ్’ పేరిట కచేరీలు పెట్టాడు. ఆ ఆగస్టు 4న అక్కడ లయొనెల్ హాంప్టన్ బృందం వాయించిన ‘స్టార్‌డస్ట్’ను ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు. అప్పటికింకా ఎల్పీలు రాలేదు. మామూలు రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకే అయిపోయేది, స్టూడియోలో ఎంతటి వాద్యకారుడైనా ఆ కొలతకు లోబడాల్సిందే. ఇక్కడ ఒక్క పాటే దాదాపు పావుగంట. విల్లీ స్మిత్ ఆల్టో శాక్సఫోన్‌తో నింపాదిగా ఎత్తుకుంటే చార్లీ షేవర్స్ ట్రంపెట్‌తో అందుకుంటాడు. స్లామ్ స్టూవర్ట్ వంతు వచ్చేసరికి బాస్ మీద కమాను లాగుతూ, అదే స్వరాన్ని ఒక స్థాయి పైన గొంతుతో పలుకుతాడు. తీగ ఏదో గొంతు ఏదో విడదీయలేం. చివర్లో హాంప్టన్ వైబ్రఫోన్ మీద ఎక్కడా తొందరపడడు. జనం కేరింతలు కూడా రికార్డులో ఉన్నాయి. అవి లేకపోతే ఆ వాయింపుకు అంత ఊపు ఎక్కడిదో తెలిసేది కాదు.

ఆ తర్వాత సన్‌సెట్ స్ట్రిప్‌లో క్రెసెండో క్లబ్బు నడిపాడు. 1955లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, 1961లో ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్ అక్కడ వినిపించిన పాటలు ఆల్బమ్‌లుగా నిలిచాయి. రేడియోలో శ్రోత మొహం కనబడదు. క్లబ్బులో ఎవరు వింటున్నారో, ఎవరు కబుర్లలో పడ్డారో యజమానికి కళ్లెదుటే తెలిసిపోతుంది. ఆయన చెవికి పదును అక్కడే వచ్చి ఉంటుందని నా నమ్మకం.

సొంత రికార్డు కంపెనీ జీఎన్‌పీ క్రెసెండో తర్వాతి రోజుల్లో ‘ది సీడ్స్’ రాక్ పాటల నుంచి ‘స్టార్ ట్రెక్’ సంగీతం దాకా అన్నీ తెచ్చింది. నాకు మాత్రం 1954 నాటి క్లిఫర్డ్ బ్రౌన్, మాక్స్ రోచ్ కచేరీ రికార్డులే ముఖ్యం. బ్రౌన్ రెండేళ్లకే కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ల వయసులో. అతని ట్రంపెట్ మనకు మిగిలిందే కొద్ది. శ్రోతల ఎదుట, గడియారం గొడవ లేకుండా అతను వాయించింది ఇవాళ వినగలుగుతున్నామంటే, ఆ రాత్రులు జీన్ నార్మన్ రికార్డు చేయించబట్టే.